చలికాలం పాలలో ఒక చిన్న శిఖరం

ఇది ఒక మహాకావ్యం. ముందే చెబుతున్నాను, కుర్చీ గట్టిగా పట్టుకోండి. ఇందులో నింద పడిన ఒక మహిళ ఉంది, ఆమెది ఊరంతా ఎరిగిన ముఖం. అగ్నిపరీక్ష ఉంది. కొండలూ లోయలూ ఉన్నాయి. తనను తానే అనుమానించుకునే ఒక గురువు ఉంది. చివరికి సత్యం గెలుస్తుంది.

సరే, కొంచెం దించుతాను. కొండలూ లోయలూ కంప్యూటర్ తెర మీద గీసిన గీతలో ఉన్నాయి. అగ్ని మా మెషిన్ లోపల వెలిగే మంట, అగ్గిపుల్ల మంట దానికన్నా పెద్దది. ఆమె ముఖం ఊరంతా ఎరగడానికి కారణం అది పాల సీసాల మీద అచ్చయి ఉండడం. సత్యం గెలిచిన మాట నిజమే గానీ, గెలిచిన మర్నాడు అందరం మామూలుగా ఇడ్లీ తిని డ్యూటీకి వచ్చాం.

ఉద్యోగ జ్ఞాపకాలు జుట్టు నెరిశాకే రాయాలని ఒక మర్యాద ఉంది. నాకింకా ముప్పై రాలేదు. అయినా పాల పరీక్షల నుంచి నేను శాశ్వతంగా విరమించుకున్నాను. వీడ్కోలు సభ కూడా జరిగింది, సమోసాలు తెప్పించారు, చల్లారాక ఇచ్చారు. కాబట్టి నన్ను రిటైరైనవాడి కిందే జమకట్టండి. కెమిస్ట్రీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు అడుగుతుంటారు, ల్యాబ్ ఉద్యోగం ఎట్లుంటదన్నా అని. ఇట్లుంటది.

మా ల్యాబ్ కొత్తగూడ నుంచి హఫీజ్‌పేట్ వైపు పోయే దారిలో, ఒక సందులో, మూడో అంతస్తులో ఉండేది. కింద టిఫిన్ సెంటర్, మధ్యలో డ్రైవింగ్ స్కూలు వాళ్ల ఆఫీసు, పైన మేము. కిటికీలోంచి చూస్తే అద్దాల టవర్లు కనబడేవి. ఆ టవర్లలోని వాళ్లు ప్రపంచాన్ని మార్చేస్తున్నామని చెప్పుకునేవారు. వాళ్లు పొద్దున తాగి వచ్చిన పాలలో ఏముందో మేం చెప్పేవాళ్లం. ఎవరి పని గొప్పదో నేను తేల్చను. ఏసీ మాత్రం వాళ్లదే గొప్పది.

ల్యాబ్‌లో ఉన్నది ముగ్గురం. రిపోర్టు మీద సంతకం చేసే మేడం కోనసీమ మనిషి. తెల్లకోటు ఇస్త్రీ నలగకుండా రోజంతా ఎలా పనిచేసేదో నాకు చివరిదాకా అంతుబట్టలేదు. రిపోర్టులో విశేషణం కనబడితే ఆమెకు దగ్గు వచ్చేది. నేను కొత్తగా చేరినప్పుడు ఒక రిపోర్టులో ‘కొవ్వు చాలా ఎక్కువగా ఉంది’ అని రాస్తే, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అడిగింది: “చాలా అంటే ఎంత బాబూ? మీ ఊళ్లో కొలతా అది?”

రెండో మనిషి మెషిన్ అన్న. సిద్దిపేట దిక్కు. కొవ్వును విడదీసి చూపించే పెద్ద మెషిన్ ఆయన చేతికింద ఉండేది, లేదా ఆయనే దాని చేతికింద ఉండేవాడు. పొద్దున రాగానే దాని మీద చెయ్యివేసి, “ఏం రా, మంచిగున్నవా?” అని పలకరించిన తర్వాతే మాతో మాట్లాడేవాడు. ఒకరోజు ముందు మమ్మల్ని పలకరించాడు, ఆ రోజు మెషిన్ పనిచేయలేదు. అప్పటినుంచి మేం కూడా మా వంతు వచ్చేదాకా ఆగేవాళ్లం.

మూడోవాణ్ని నేను. నా పని పాల నుంచి కొవ్వు తీయడం, గాజుసామాను కడగడం, మధ్యమధ్య జోకులు వేయడం. మూడోదానికి ప్రత్యేకంగా జీతం లేదు.

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు, ఓర్చుకోండి. ప్రతి కొవ్వుకీ ఒక గోత్రం ఉంటుంది. బర్రె పాల కొవ్వుకు ఒకటి, పామాయిల్‌కు ఒకటి, కొబ్బరి నూనెకు ఒకటి. కొవ్వును ముక్కలుగా విడగొట్టి మెషిన్‌లోకి పంపితే ఒక్కో ముక్క ఒక్కో సమయానికి బయటికొచ్చి ఆ చిన్న మంటలో కాలుతుంది. కాలినప్పుడల్లా తెర మీద గీత లేచి ఒక శిఖరం కడుతుంది. ఏ శిఖరం ఎంత ఎత్తుందో చూసి గోత్రం చెప్పవచ్చు. పాలలో లారిక్ ఆమ్లం అనే ముక్క కొంచెమే ఉంటుంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం అదే. పాలలో ఆ శిఖరం ఉండాల్సినదానికన్నా లేచి నిలబడితే, కొబ్బరి ఎక్కడినుంచో చుట్టంచూపుగా వచ్చిందన్నమాట. చెమ్చాలో పదోవంతు వచ్చినా మెషిన్ పట్టేస్తుంది. కెమిస్ట్రీ అయిపోయింది. ఊపిరి పీల్చుకోండి.

ఆ చలికాలం మా దగ్గరికి ఒక టీషర్టు కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే నా ఈడే, కంపెనీ మాత్రం సొంతం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, చేవెళ్ల దిక్కు రైతుల దగ్గర పాలు తీసుకుని, గాజు సీసాల్లో పోసి, గేటెడ్ కమ్యూనిటీల్లో తలుపు తలుపుకీ వేసేవాడు. అతని తెలివి ఏమిటంటే ఒక రైతు పాలు ఇంకొకరి పాలతో కలపడు. ఏ సీసాలో ఎవరి పాలో ఆ సీసా మీద వాళ్ల ఫోటో ఉంటుంది. ఖాళీ సీసా కడిగి గుమ్మానికి తగిలిస్తే, కంపెనీ తీసుకెళ్లి మళ్లీ కడిగి, మళ్లీ అదే రైతు పాలు నింపి పంపుతుంది. వినడానికి నాకూ బాగా నచ్చింది. మా మేడం కూడా ఆ పాలే వేయించుకునేది.

ఒక టవర్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారట, ‘కాఫీలో కొబ్బరి వాసన వస్తోంది’ అని. దాని కింద ఇంకొకరు ‘అవును’ అన్నారు, ఇంకొకరు ‘నాకూ’ అన్నారు, కాఫీ తాగని ఒకాయన కూడా ‘షాకింగ్’ అన్నాడు. టీషర్టు కుర్రాడు ఆ టవర్‌కు వెళ్లే సీసాలను రోజుకొకటి చొప్పున సీలు విప్పకుండా తెచ్చి మాకిచ్చాడు. అన్నింటి మీదా ఒకే ముఖం: నలభై ఏళ్ల ఆవిడ, పక్కన బర్రె, ఇద్దరూ కెమెరా వైపే చూస్తున్నారు, ఆవిడ మాత్రం నవ్వుతోంది.

నేను కొవ్వు తీశాను, అన్న మెషిన్‌కు ఎక్కించాడు. కొన్ని రోజుల సీసాల్లో గీత బుద్ధిగా ఉంది. కొన్నింట్లో లారిక్ దగ్గర లేచి నిలబడింది. పెద్దగా కాదు, పెళ్లిలో పిలవకుండా వచ్చి వెనక వరుసలో కూర్చున్న మనిషిలా, కనబడీ కనబడనట్టు.

“రోజు తప్పించి రోజు కలుపుతారా ఎవరైనా?” అన్నది మేడం, తనలో తాను. అయినా ఉన్నది ఉన్నట్టు రాసింది: పాల కొవ్వు కాని కొవ్వు, స్వల్పంగా, కొబ్బరి నూనెను పోలినది. సంతకం పెట్టింది. మా పని అయిపోయిందనుకున్నాం. ల్యాబ్‌వాళ్లకు ఉండే అతిపెద్ద మూఢనమ్మకం ఇదే.

సోమవారం పొద్దున మా గుమ్మంలోకి ముందు ఒక స్టీలు క్యాన్ వచ్చింది, దాని వెనక ఆమె వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. సీసా మీద నవ్వుతున్న ముఖమే, ఇప్పుడు నవ్వడం లేదు. బర్రె కూడా లేదు.

“అక్కా, కూసోండ్రి,” అన్నాడు అన్న.

“కూసునేటందుకు రాలే. నా పాలల్ల కొబ్బరి నూనె ఉన్నదని రాసిందెవరు?”

మేడం లేచి నిలబడింది. “నేనేనండి. పాలలో ఉందని రాశానండి. మీరు కలిపారని రాయలేదు.”

“రెండిట్ల ఫరక్ ఏముంది మేడం? ఆల్లు సదివింది గదే గదా!”

మేడం ఫైలు తీసి తను రాసిన వాక్యం మళ్లీ చదువుకుంది. నేను నేల చూశాను, నేల శుభ్రంగా ఉంది.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. మర్నాటి నుంచి తన పాలు తీసుకోబోమని కంపెనీ ఫోన్ చేసిందట. వేరే పాల కంపెనీలవాళ్లకు చేస్తే, వాళ్ల గ్రూపులో ఈమె పేరు అప్పటికే తిరిగిందట, ఎవరూ ఎత్తలేదట. “ఇగ బర్రెలను అమ్ముకునుడే. పితికిన పాలు పొదుగులకు మల్లెక్కియ్య రాదు గదా,” అన్నది. “నన్ను ఆఫ్‌బోర్డ్ జేస్తుండ్రంట. ఏ బోర్డు మీదికెల్లి దింపుతరో, నేను దాన్ని ఎక్కిందెప్పుడో, నాకు తెల్వది.”

మామూలుగా ఇలాంటిచోట నేను ఒక జోకు వేస్తాను. ఆమే వేసేసింది, నా ఉద్యోగానికి ముప్పు కనిపించింది.

“అక్కా, నిజం చెప్పు, జరంత కూడ కలపలేదా?” అన్నాడు అన్న.

“కొబ్బరి నూనె కలుపుతనా తమ్మీ? ధర అడిగినవా దుకాణంల? పాలల్ల కొబ్బరి నూనె కలిపేకన్న ఇంకిన్ని పాలు కలుపుడే అగ్గువ!”

ఈ లెక్క మా ముగ్గురి చదువులకూ ముందే తట్టి ఉండాల్సింది. మేడం కళ్లజోడు తుడుచుకుంది. ఆమెకు ఏదో తట్టినప్పుడు చేసే పని అది.

“దాణాలో కొబ్బరి చెక్క పెడుతున్నారాండి? గానుగ ఆడాక మిగిలే చెక్క. మా కోనసీమలో పశువులకి పెడతారు. అది తింటే పాలలోకీ కొంచెం వస్తుంది.”

“మీ దిక్కు పెడతరేమో మేడం. మా దిక్కు కొబ్బరికాయ గుడికాడ కొడతం. బర్రె ముంగట ఎవడు కొడ్తడు?”

ఆ దారి అక్కడ మూసుకుపోయింది. అక్క క్యాన్ మూత తీసింది. “ఇగో, పొద్దుగాల పితికిన. పరీక్ష జేయుండ్రి. తాగి సూడుండ్రి.”

“మీరు తెచ్చిన పాలు మీకు సాక్ష్యం కాదండి,” అన్నది మేడం, నొప్పించకుండా. “బాగుంటే, ఇవాళ బాగున్నవే తెచ్చారంటారు.”

“మరి బాగ లేకుంటె?”

“లేకపోతే అప్పుడు సాక్ష్యమేనంటారు.”

“మంచిగున్నది మీ న్యాయం,” అన్నది అక్క. అయినా మేడం ఒక గ్లాసుడు పక్కకు తీయించింది, నేను కొవ్వు తీసి అన్నకు ఇచ్చాను. మిగతా పాలలో కొంచెం అన్న చాయ్ పెట్టాడు. అలాంటి చాయ్ నేను ఆ తర్వాత తాగలేదు. ఇందులో కవిత్వం ఏమీ లేదు, ఆ పాలలో నీళ్లు లేవు, అంతే. మెషిన్ పని చేస్తుండగా ముందుగదిలో నలుగురం గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. గీత బుద్ధిగా వచ్చింది. శిఖరం లేదు. అక్క సంతోషించలేదు, మేమూ సంతోషించలేదు. అది సాక్ష్యం కాదని మేమే చెప్పాం కదా.

ఇప్పుడు మన కావ్యంలో మలుపు. మలుపంటే ఒక చేతిరుమాలు జారడం.

చలికాలం మా చేతులు చూస్తే జాలేసేది. కొవ్వు కరిగించే ద్రావకాలు మా చేతుల్లో ఉన్న కొవ్వును కూడా వదలవు. గ్లవ్స్ ఉన్నా సరే, చర్మం బీటలు పడేది. దానికి మేడం కోనసీమ నుంచి తెప్పించిన కొబ్బరి నూనె వాడేది. ల్యాబ్ లోపలికి నూనె చుక్క రాకూడదని రూలు పెట్టింది ఆమే కాబట్టి, నూనె సీసా ముందుగదిలో కిటికీ దగ్గర, జిడ్డు అంటకుండా పాత చేతిరుమాలు చుట్టుకుని ఉండేది. చలికి నూనె గడ్డకట్టి తెల్లగా కూర్చునేది. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు మేడం వేలితో కొంచెం తీసుకుని రాసుకునేది. ఆ సీసాను నేను రోజూ చూసేవాణ్ని. గోడను చూసినట్టు చూసేవాణ్ని.

అక్క గ్లాసు కింద పెడుతుంటే మేడం ఆమె చేతులు చూసింది. చలికి, నీళ్లకు, పాల క్యాన్లు తోమీ తోమీ, మా చేతులకన్నా ఘోరంగా ఉన్నాయి. మేడం లేచి కిటికీ దగ్గర సీసా తెచ్చి ఆమెకిచ్చింది.

“కొంచెం రాసుకోండి. మంటగా ఉంటుంది కదా.”

అక్క సీసా అందుకుని మూత తిప్పింది. రుమాలు జారింది. ఆమె సీసాను తిప్పి చూసింది, దగ్గరికి పెట్టుకుని చూసింది, తర్వాత మా ముగ్గురివైపూ వరసగా చూసింది.

“ఇది నేనే గదా!”

ఆమె సీసాను మావైపు తిప్పి వేలితో చూపించింది.

“మా బర్రె గూడ ఉన్నది. ఏంది మేడం ఇది? నన్ను నూనె సీస జేసిన్రా?”

“నోరు పెద్దగా ఉంటుందండీ ఆ సీసాకి,” అన్నది మేడం, మెల్లగా. “చలికాలం నూనె గడ్డకడితే మామూలు సీసాలోంచి రాదు. దీంట్లోంచి వేలితో...” అని ఆగిపోయింది.

సీసాను వెనక్కి తీసుకుని వెలుతురుకు పట్టుకుంది. “నాలాగే ఇంకెంతమంది పెట్టుకుంటున్నారో.”

అన్న చాయ్ గ్లాసు మూతి దగ్గరే ఆగింది. “పెట్టుకోని, వాపస్ ఇస్తరు,” అన్నాడు. “ఇస్తే కంపెనీ కడిగి మల్ల పాలు పోస్తది.”

ఇక్కడ ఒక చిన్న చప్పట్ల శబ్దం, ఒక శంఖం ఊదడం ఉండాలి. కానీ మేడం తన చేతులవైపు చూసుకుంటోంది. నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆమె చేతులకు రోజూ కొబ్బరి నూనె ఉంటుంది. పాల శాంపిళ్లు ఆమె చేతులమీదుగా కూడా వెళ్తాయి. ఆ శిఖరం సీసాలో నుంచి వచ్చిందా, ఆమె వేళ్ల నుంచి వచ్చిందా?

“బాబూ,” అన్నది నాతో, “ముందు నన్ను పరీక్ష చెయ్యాలి.”

“మేడం, మీరు గ్లవ్స్ లేకుండ సెల్‌ఫోన్ గూడ ముట్టరు,” అన్నాడు అన్న.

“నేను ముట్టనని నువ్వంటే సరిపోదు, మెషిన్ అనాలి. నాది తప్పయితే ఆవిడ రిపోర్టు ఇవాళే వెనక్కి తీసుకుంటాను. ల్యాబ్ పేరు పోతే పోనీ.”

అక్క ఈ మాటలు వింటూ ఉంది. తన బర్రెలను అమ్ముకోవాల్సి వస్తుందన్న బాధలో వచ్చిన మనిషి, లేచి మేడం భుజం మీద చెయ్యివేసింది. “మీది తప్పయినా మంచిదే మేడం. నాదైతె గాదు,” అన్నది. ఓదార్పు అలా కూడా ఉండవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను.

మేడం మామూలుగా ఎలా చేస్తుందో అలాగే, గ్లవ్స్ తొడుక్కుని, పాలు లేకుండా ఉత్త ద్రావకాలతో పరీక్ష మొత్తం చేసింది. పాలు లేవు కాబట్టి కొవ్వు ఉండకూడదు. ఉంటే అది మాది. మళ్లీ చేసింది. మూడోసారి కూడా చేస్తానంటే అన్న మెషిన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. రెండుసార్లూ గీత ఆసుపత్రిలో చివరిసారి చూపించే గీతలా చదునుగా వచ్చింది. మా దగ్గర అదే శుభవార్త. మేడం తడి కళ్లతో నవ్వింది. నాకు తెలిసినంతవరకు ఏమీ రాకపోయినందుకు ఏడ్చిన ఏకైక కెమిస్ట్ ఆమే.

తర్వాత మేడం టీషర్టు కుర్రాడికి ఫోన్ చేసి, కడిగి నింపడానికి సిద్ధంగా పెట్టిన సీసాలు, అక్క ముఖమున్నవి, పట్టుకుని రమ్మంది. అతను వచ్చాడు, సీసాల క్రేటుతో పాటు ల్యాప్‌టాప్ కూడా తెచ్చాడు. తెర మీద అక్క పేరు పక్కన ఎర్ర చుక్క ఉంది.

“మేడం, డేటా క్లియర్‌గా ఉంది. మా వాషింగ్ ఫుల్ ఆటోమేటిక్. హ్యూమన్ టచ్ జీరో.”

“నీళ్లు వేడిగా ఉంటాయాండి?”

“నో మేడం, చల్లనీళ్లే. ఎకో మోడ్. ఎనర్జీ సేవ్ అవుతుంది, అది మా యాప్‌లో కూడా చూపిస్తాం, చెట్టు బొమ్మ వస్తుంది.”

అక్క మూలన కూర్చుని ఉంది. “చెట్టు బొమ్మనా?” అన్నది. “ఏం చెట్టు? కొబ్బరి చెట్టా?”

కుర్రాడు అప్పుడే ఆమెను చూశాడు. ‘నమస్తే అక్కా’ అన్నాడు గానీ, ఆ నమస్తేలో సగం లోపలే ఉండిపోయింది.

మేడం ఒక్కో ఖాళీ సీసాలో కొంచెం ద్రావకం పోసి, గుండ్రంగా తిప్పి, ఆ కడుగునే పరీక్షకు ఇచ్చింది. కంటికి ఆ సీసాలు మెరుస్తున్నాయి. నేను నా ముఖం చూసుకుని జుట్టు సవరించుకున్నాను కూడా. కానీ చల్లనీళ్లకు గడ్డకట్టిన నూనె పలచని పొరగా గాజును పట్టుకుని ఉండిపోతుంది. మిగతా కాలమంతా హైదరాబాద్ ఎండ ఆ నూనెను కరిగించి ఉంచుతుంది, సబ్బు దాన్ని తీసుకుపోతుంది. అందుకే ఫిర్యాదు చలికాలమే వచ్చింది. ఏ రోజు ఏ ఇంటి సీసా మా చేతికొస్తే ఆ ఇంటి సంగతి తెలిసేది. అక్క రోజు తప్పించి రోజు కలపడం కాదు.

అన్న ఒక్కొక్కటీ ఎక్కించాడు. గీత మొదలైంది. లారిక్ వంతు వచ్చింది. ముందుగది తలుపులోంచి అక్క, ఆమె భుజం మీదుగా కుర్రాడు, తెరనే చూస్తున్నారు. గీత లేచింది. ఈసారి వెనక వరుస మనిషిలా కాదు, పెళ్లికొడుకులా లేచింది.

“గిదేనా?” అన్నది అక్క.

“గిదే అక్కా,” అన్నాడు అన్న.

“నా పాలు లేకుండనే వచ్చిందా?”

“పాల చుక్క లేదు.”

అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. కుర్రాడు ల్యాప్‌టాప్ మూశాడు.

తర్వాతి సీసాల్లో కొన్ని శుభ్రంగా ఉన్నాయి, కొన్నింట్లో మళ్లీ కొబ్బరి. ఒకదానిలో ఆవనూనె, ఎవరో ఉత్తరాదివాళ్లు పచ్చడి పెట్టుకున్నట్టున్నారు. ఒకదానిలో నువ్వుల నూనె, ఆవకాయో వాకింగ్ తర్వాత మోకాళ్లకో తెలియదు. ఒక్క తలుపూ తట్టకుండానే మా మెషిన్ ఆ టవర్ వంటిళ్లన్నీ చుట్టి వచ్చింది. నెయ్యి పెట్టుకున్నవాళ్లు మాత్రం దొరకలేదు. అది పాల కొవ్వే కాబట్టి మెషిన్‌కు తేడా తెలియదు. ప్రతి విచారణలోనూ కొందరు ఇలాగే తప్పించుకుంటారు.

“ఓకే,” అన్నాడు కుర్రాడు చివరికి. “అక్కా, రేపట్నుంచి బండి వస్తుంది. యాజ్ యూజువల్.”

“బండి రావాలె. దాంతోని సాలదు బాబూ. నా మీద గ్రూపుల ఏం రాసినవో, గా గ్రూపుల్నే మల్ల రాయాలె.”

“అక్కా, అది... కస్టమర్లు మా సీసాలు సరిగ్గా కడగట్లేదని రాయలేం కదా. వాళ్లు ఫీలవుతారు.”

“నేను ఫీల్ గాలేదా?”

కుర్రాడు మేడం వైపు చూశాడు, సహాయం కోసం. మేడం అప్పటికే రెండో రిపోర్టు రాస్తోంది. ‘సీసాలకు అంటి ఉన్న కొవ్వు. రైతు పాలకు సంబంధించినది కాదు.’ విశేషణం లేదు. సంతకం పెట్టి, కాగితం అతనికివ్వకుండా అక్క చేతిలో పెట్టింది.

“ఈసారి నేను రాయనిది ఎవరూ చదవడానికి వీల్లేకుండా రాశానండి,” అన్నది ఆమెతో.

కుర్రాడు అక్కడే నిలబడి ఫోన్‌లో టైప్ చేశాడు. రైతుల గ్రూపులో, కంపెనీల గ్రూపులో. చెరిపాడు, మళ్లీ రాశాడు. పంపించాక అక్క ఆ ఫోన్ తీసుకుని చదవమని అన్నకిచ్చింది. అన్న గట్టిగా చదివాడు. ఇంగ్లిషు ఎక్కువైనచోట తెలుగులో మళ్లీ చెప్పాడు. అక్క తల ఊపింది. ఖాళీ క్యాన్ తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగి మేడంతో అన్నది: “నూనె మంచిగున్నది మేడం. సీస మాత్రం మార్చుండ్రి.”

మేడం ఆ సాయంత్రమే మార్చింది. పాత సీసాను వేడినీళ్లలో మరిగించి ఇంటికి తీసుకెళ్లిందని విన్నాను. రుమాలు మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయింది.

ఇంతే జరిగింది. ఎవరూ జైలుకు వెళ్లలేదు, పేపర్లో రాలేదు. ఆ తర్వాత కూడా కొన్ని చలికాలాలు మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. పొద్దున అన్న మెషిన్‌తో మాట్లాడేదాకా ఆగడం, కింద టిఫిన్ సెంటర్ నుంచి అల్లం చట్నీ వాసన మెట్లెక్కి రావడం, మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచాక మేడం నా కూరను చూసి ‘ఇందులో కూడా కొవ్వు ఎక్కువే’ అని, వెంటనే ‘ఎంతో తెలియదు’ అని సవరించుకోవడం. ఇవన్నీ జరిగేటప్పుడు ఇవి జ్ఞాపకాలని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకొంచెం శ్రద్ధగా తినేవాణ్ని.

తర్వాత ల్యాబ్ బాచుపల్లి దగ్గర పెద్ద బిల్డింగుకు మారింది. మెషిన్ వెళ్లింది కాబట్టి అన్న వెళ్లాడు. మేడం ఇంకో ల్యాబ్‌లో పెద్ద పదవిలో ఉంది, అక్కడ పిల్లలకు విశేషణాలు మాన్పిస్తోందట. నేను అద్దాల టవర్లలోకి మారాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తాను. ఎక్కడో ఏదో కలిసిందని నేను రాస్తే, ఎవరు కలిపారని పైవాళ్లు చదువుతారు. అప్పుడల్లా స్టీలు క్యాన్‌తో ఎవరైనా గుమ్మంలోకి వస్తారేమోనని చూస్తాను. రారు. మా టవర్‌లో విజిటర్ పాస్ కావాలి.

మా పాత అంతస్తులో ఇప్పుడు అమ్మాయిల హాస్టల్ ఉంది. ఒకసారి ఆ దారిన పోతూ పైకి చూశాను, మా కిటికీకి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. ఎక్కువసేపు చూడలేదు. ఎందుకు చూస్తున్నావని వాచ్‌మన్ అడిగాడు, పాల సంగతి చెబితే నమ్మేలా లేడు.

అక్క బర్రెలు ఉన్నాయి, పాలూ వస్తున్నాయి. కంపెనీ మాత్రం గాజు సీసాలు మానేసి ప్లాస్టిక్ ప్యాకెట్లకు వెళ్లింది. నూనె వల్ల కాదు, సీసాలు పగులుతున్నాయని. ప్యాకెట్ మీద ఎవరి ఫోటో లేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ కథలో నీతి ఏమిటని అడిగితే, చాలా ఆలోచించి చెబుతున్నాను. చలికాలం కొబ్బరి నూనె సీసా కడిగేటప్పుడు ముందు వేడినీళ్లు పోయండి. సబ్బు తర్వాత.